టైగరుకి కార్జం

నిన్న మా మనవరాలు తన కుక్క కోసం తెప్పించిన డబ్బా మూత తీసి, "వాసన చూడు నానమ్మా" అంటూ నా ముక్కు దగ్గర పెట్టింది. ఎండబెట్టిన కార్జం పొడిట, ముసలి కుక్కలకి మంచి బలమట. ఆ వాసన తగలగానే అరవైల్లో అనకాపల్లిలో మా అత్తవారి పెరడు గుర్తొచ్చింది.

ఉల్లిపాయ కూడా వారం చూసుకుని తరిగే ఇల్లది. మామగారిది బెల్లం వ్యాపారం. మనుషులతో పొదుపుగా, కుక్కతో ధారాళంగా మాట్లాడేవారు. దాని పేరు టైగరు. నేను కాపురానికి వచ్చేసరికే దానికి పన్నెండేళ్ళు. సగం పళ్ళు ఊడిపోయాయి, పిల్లి ఎదురైతే మర్యాదగా పక్కకి తప్పుకునేది. అయినా రోజూ మామగారి వెనకే మార్కెట్టుకి నడిచి, బెల్లం దిమ్మల పక్కన గోనె మీద పడుకుని, ఆయనతోపాటే భోజనానికి వచ్చేది. ఆ వానాకాలం దానికి జబ్బు చేసింది. లేచి నిలబడలేదు, పెరుగన్నం ముట్టలేదు. మామగారూ సగం విస్తట్లోనే లేచిపోసాగారు.

పశువుల డాక్టరు వచ్చి దాని కనురెప్ప తిప్పి చూశాడు. "ఒంట్లో రక్తం లేదండీ. రోజూ మేక కార్జం ఉడకేసి పెట్టండి. ఉప్పూ కారం వద్దు. వేలెడు ముక్క చాలు, ఎక్కువ పెట్టకండి" అన్నాడు.

"మా ఇంట్లోనా? ఏటండీ డాక్టరుగారూ!" అంటూ మామగారు భయంగా వంటింటివైపు చూశారు. అదృష్టం, అత్తగారు గుడికి వెళ్ళారు.

ఎదురింటి దర్జీగారి భార్య ఆదుకుంది. "దానికేటి అన్నయ్యగారూ, మా ఇంట్లో ఉడకేత్తాను" అంది. ఇక రోజూ మామగారు టైగరుని ఎత్తుకుని, డాక్టరుకి చూపించి వస్తానని చెప్పి వీధి దాటేవారు. మొదట్లో అది తింటుంటే మొహం తిప్పుకునేవారు. అయిదోరోజున అది పళ్ళెంలోది ముట్టకపోయేసరికి, తన చేత్తోనే తినిపించారు. ఆవిడ మాత్రం, "ఉప్పు లేకుండా వండితే నాకే పాపంలా ఉంది" అని రోజూ నొచ్చుకునేది. రెండు వారాల్లో టైగరు లేచి నిలబడింది.

అంతలో దర్జీగారి కుటుంబం ఎలమంచిలి పెళ్ళికి వెళ్ళింది, నాలుగు రోజులు. రెండురోజులు టైగరు మళ్ళీ పస్తు. మూడోరోజు అత్తగారు బయటికి వెళ్ళగానే మామగారు బాదమాకు పొట్లంతో పెరట్లోకి వచ్చి, "అమ్మాయీ, పాత సత్తుగిన్నె ఏదైనా ఉందేటి?" అన్నారు గుసగుసగా. మూడు ఇటికలు పెట్టాం. తడికట్టెలు రాజుకోవు. పొగకి ఇద్దరం కళ్ళు తుడుచుకుంటుంటే వెనక తలుపు తీసుకుని అత్తగారు వచ్చేశారు.

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఆవిడ గిన్నెలోకి చూశారు, కుక్కని చూశారు, ఆయన్ని చూశారు.

"ఉప్పు ఎయ్యలేదు కదా? డాక్టరు వద్దన్నాడు."

మామగారు నోరు తెరిచారు. "నీకెలా తెలుసు?"

"అంత కుక్కని ఎత్తుకుని పట్టపగలు వీధి దాటుతుంటే ఊరందరికీ కనబడింది, నాకు కనబడదేటి? ఉప్పు సంగతి ఎదురింటావిడే చెప్పింది. మీరే చెప్తారని చూత్తన్నాను. లెగండి, అదేం మంట!"

చెంగు ముక్కుకి చుట్టుకుని, గొట్టం అందుకుని ఆవిడే ఊదారు. తరువాత ముగ్గురం తలస్నానాలు చేస్తుంటే, టైగరు మూతి నాక్కుంటూ మమ్మల్ని వింతగా చూసింది.

అది ఇంకో రెండేళ్ళు మార్కెట్టుకి నడిచి, ఒక మధ్యాహ్నం ఆ గోనె మీదే నిద్రలో పోయింది. ఆనాటి అత్తగారికంటే నేనిప్పుడు ముప్పైయేళ్ళు పెద్దదాన్ని. కాలం నన్నొక్కదాన్నే నడిపించుకొచ్చింది. ఆవిడ మాత్రం నా జ్ఞాపకంలో నలభై ఎనిమిదేళ్ళ దగ్గరే ఆగి, నన్నింకా కొత్త కోడల్ని చూసినట్టే చూస్తున్నారు.