బావగారి చెవులకు పట్టిన నూనె

ఆ వీధిలో పుచ్చకాయ కొన్నా, చేప కొన్నా ముందు కాఫీపొడి కొట్టాయన ముక్కుకు చూపించాల్సిందే. ఆయన కళ్లు మూసుకుని ఒక్క పీల్పు పీల్చి "నిన్నటిది" అన్నాడంటే ఆ చేప పిల్లుల పాలు. కోర్టు తీర్పు మీద అప్పీలుంటుందేమో గానీ ఆ ముక్కు మీద లేదు.

వీధంతా ఆయన్ని బావగారనే పిలిచినా, నిజంగా వరస అయ్యేది గానుగ పిన్నికే. ఆమె మొగుడికి ఆయన స్వయానా అన్న. పిన్ని చాలా ఏళ్లు సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసి చేతులు గరుకెక్కించుకుంది. ఎవరో ఇస్తే తీపి బాదం నూనె రాసుకుంది. చేతులు మెత్తబడ్డాయి, నూనె పిచ్చి పట్టుకుంది. ఉద్యోగం మానేసి వెనక గదిలో చిన్న కరెంటు గానుగ పెట్టింది. పురుగుమందు కొట్టని బాదం తెచ్చి, వేడెక్కకుండా నిదానంగా ఆడించేది. పగిలిన మడమలకు అదే, చంటిపిల్లల ఒంటికి అదే, చెక్క గరిటెలకు అదే, కిర్రుమనే తలుపుకూ అదే. మొగుడు మూలిగితే ఆయనకూ పట్టించేది. పాపం, ఆయన మూలగడమే మానేశాడు.

మొదటి సీసా బావగారికిచ్చింది. ఆయన పీల్చాడు. సీసా తిప్పి మళ్లీ పీల్చాడు.

"వాసనేదమ్మాయ్?"

"అసలు బాదం నూనెకు పెద్ద వాసనుండదు బావగారూ. గుప్పుమనేవాటిలో సెంటు కలుపుతారు."

"నా ముక్కుకే పాఠాలా? ఇందులో ఏదో చవక నూనె కలిసింది."

సాయంత్రానికల్లా వీధంతా ఆ మాటే. సీసాలు అరల్లోనే ఉండిపోయాయి. ఎండలు ముదిరితే నూనె పాతబడుతుంది. అదే జరిగితే గానుగ అమ్మేసి మళ్లీ సబ్బులు సర్దుకోవాల్సిందే.

"అన్నయ్య ముక్కు ఎప్పుడూ తప్పలేదే..." అని నసిగాడు మొగుడు. పిన్నికి ఏడుపొచ్చింది. పరాయివాళ్లు అంటే పడొచ్చు గానీ, ఇంట్లో మనిషే అంటే ఎలా?

బావగారికి మాత్రం నిద్ర పట్టలేదు. ఏం కలుపుతోందో కనిపెట్టాలి. ఓ మధ్యాహ్నం కొట్టు మూసి, పిన్ని ఇంటి వెనక సందులోకి వెళ్లాడు. గది కిటికీకి రెండు ఊచలు కాస్త ఎడంగా ఉన్నాయి. ముందు ముక్కు దూరింది, వెనకే తల దూరింది. చెవులు వెళ్లేటప్పుడు ముడుచుకున్నాయి, వచ్చేటప్పుడు ససేమిరా అన్నాయి.

పిన్ని ఏమీ ఎరగదు. బాదం పోసింది, నూనె పట్టింది, మిగిలిన పిప్పి చెక్క తీసి పక్కన పెట్టింది. బావగారు పరువు కోసం నోరు మూసుకుని అంతా చూశాడు. చివరికి మెడ పట్టేసింది.

"అమ్మాయ్..."

పిన్ని తిరిగి చూసి అదిరిపడింది. కిటికీలో ఒట్టి తల!

"అదేంటి బావగారూ, గుమ్మం అటుంది కదా?"

"గాలి కోసం వచ్చానమ్మా."

సందు నిండా జనం పోగయ్యారు. మొగుడు పరుగెత్తుకొచ్చి అన్నగారి నడుం పట్టుకుని లాగాడు. పక్కింటావిడ, బావగారే భేషన్న గుప్పుమనే తలనూనె తెచ్చి ఆయన చెవులకు పట్టించింది. అది జిగురు. పైగా ఆ ఘాటుకు తుమ్ములందుకున్నాయి. తుమ్మినప్పుడల్లా తల ఊచకు ఠంగుమంటోంది.

"నా సీసా ఉంది," అంది పిన్ని మెల్లగా. "వాసనుండదు మరి. ఫరవాలేదా?"

"పొయ్యి తల్లీ!"

జిగురు తుడిచి, రెండు చెవులకూ తన నూనె రాసింది. పలచని నూనె, సందుల్లోకి జారింది. మొగుడు ఇంకోసారి లాగాడు. జర్రున బావగారు ఊడొచ్చి తమ్ముడి మీద పడ్డాడు. వీధంతా ముక్కున వేలేసుకుంది.

"ఏం కలుపుతోంది బావగారూ?" అనడిగింది పక్కింటావిడ.

ఆయన చెవులు తడుముకున్నాడు. అవి ఎర్రగా, నున్నగా మెరుస్తున్నాయి. అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆ ముక్కు అంతసేపూ గానుగ పక్కనే ఉంది.

"బాదం తప్ప ఏమీ లేదు. తప్పు నాదే."

ఆ మాటకు పిన్నికి మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి నవ్వుతో కలిసి. మొగుడు ఆమె ముఖం చూడలేక, గమ్మున లోపలికెళ్లి సీసాలన్నీ తెచ్చి గుమ్మంలో పేర్చాడు. "బావగారి చెవుల నూనె ఒకటి" అంటూ జనం ఎగబడ్డారు.

మర్నాడు మధ్యాహ్నం వెనక కిటికీ దగ్గర ఎవరో దగ్గారు. ఊచల మధ్య నుంచి ఖాళీ సీసా పట్టుకుని ఒక చెయ్యి లోపలికొచ్చింది. చెయ్యి మాత్రమే.