నాలుగు రోజుల దుప్పటి

మా అత్తమ్మ పోయింది. పోయిన నెలలో, ఇంట్లో పసుపు ఉడకబెట్టే పని జోరుగా నడుస్తుండగా, ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. గ్లాసు సంగతి ఎందుకు చెప్తున్నానంటే, పలకరించడానికి వచ్చిన వాళ్లందరూ "పోయేముందు ఏమన్న చెప్పిందా?" అని అడిగారు. ఏమీ చెప్పలేదు. గ్లాసు కడిగింది, వంటింట్లో లైటు ఆర్పింది, పోయింది. ఆమెను ఎరిగిన వాళ్లకు అది చాలు.

ఆర్మూర్ అంగట్లో ఆమెను ఎరగని దుకాణదారు లేడు. ఎక్కువ కొనేదని కాదు, ఎక్కువ అడిగేదని.

ఆమె ఒక్కగానొక్క కొడుకు, అంటే మా ఆయన, పెళ్లయిన రెండో ఏడే దుబాయ్ పోయాడు. నందిపేట్ దిక్కు మాకు ఎకరంన్నర చేను ఉంది గానీ బోరు లేదు. నీళ్లు లేనిదే పసుపు ఎక్కడ పండుతుంది? "బోరు పైసలు జమ కాంగనె వచ్చేస్త" అని చెప్పి పోయాడు. మా వీధిలో అందరూ అట్లాగే చెప్పి పోయారు. రెండేళ్లకోసారి సెలవు మీద వస్తారు, చుట్టాల్లా నాలుగిళ్లు తిరిగి భోంచేస్తారు, మళ్లీ పోతారు. తన కొడుకు కూడా అట్లా చుట్టమైపోతాడేమోనని అత్తమ్మ భయం. ఆమె పొదుపు మొత్తం ఆ భయంలోంచే పుట్టింది. పిసినారితనం అనుకున్న వాళ్లు చాలామంది ఉన్నారు. కొన్నేళ్లు వాళ్లలో నేనే ముందుండేదాన్ని.

మొదటి జీతం వచ్చిన రోజు ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "దినానికి ఎంత పడ్తది పిల్లా?" చెప్పాను. ఇక అప్పటినుంచి ఆమెకు రూపాయలతో పని లేదు. ఏ వస్తువు చూసినా, దానికోసం కొడుకు అక్కడ ఇంకెన్ని రోజులు ఉండాలన్నదే దాని ధర. చెప్పుల జత అయితే సగం పూట. మిక్సీ అయితే దగ్గర దగ్గర వారం. ఫ్రిజ్ అయితే "ఒక నెల ఎండ" అని మొఖం తిప్పుకునేది.

సోఫా సంగతి చెప్తాను. వీధిలో అందరి ఇళ్లలో సోఫాలున్నాయి, మా ఇంట్లో నవారు మంచం ఉంది. నేను పోరగా పోరగా ఒకరోజు నాతో దుకాణానికి వచ్చింది. కూర్చుంది, లేచింది, ఇంకోదాంట్లో కూర్చుంది, చేత్తో ఒత్తి చూసింది. అమ్మే అతను ధర చెప్పాడు.

"రెండు నెల్లు" అంది నాతో.

"గంత జల్ది కట్టుడు అవసరం లేదమ్మా" అన్నాడతను సంబరంగా. "ఏడాది పెట్టుకోండ్రి. నెలనెలా జరంత కట్టుండ్రి. వడ్డీ జీరో."

"జీరోనా?"

"జీరో అమ్మా."

"మరి గాడ ఎండ సుత జీరో ఉంటదా బిడ్డా?"

అతను నా మొఖం చూశాడు. నేను పైన తిరిగే ఫ్యాను చూశాను. బయటికి వచ్చాక అత్తమ్మ చాలా తృప్తిగా నడిచింది. "అన్నిట్ల కూసున్నం గద పిల్లా, ఇగ కొనుడెందుకు?" అంది.

ఇంట్లో ఆమె పద్ధతులు చెప్తే మీరు నమ్మరు. అరిగిన సబ్బును కొత్త సబ్బుకు అతికించేది. కాబట్టి మా ఇంట్లో ఏ సబ్బూ ఎప్పుడూ అయిపోలేదు, రంగు మారిందంతే. స్నానానికి నీళ్లు గింజలు ఒలిచిన మక్క కంకులతో కాగేవి. అన్నం ఇంకా ఉడకాల్సి ఉండగానే గ్యాస్ ఆపేసి మూత మీద రోకలి బండ పెట్టేది. ఒక్కోసారి అన్నం పలుకుగా ఉండేది. నేను మూతి ముడిస్తే "పలుకుంటెనె కడుపుల నిలుస్తది" అనేది. "నానమ్మా, పేస్టు అయిపోయింది" అని మా బిడ్డ అరిస్తే, కత్తెర పట్టుకుని వచ్చేది. "నీకయింది. నాకు ఇంక వారముంది" అని ఆ గొట్టాన్ని నిలువునా కోసేది.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. మా బిడ్డ బడి ఫీజుకు ఆమె ఎప్పుడూ రోజులు లెక్కపెట్టలేదు. దవాఖానకు పెట్టలేదు, పప్పుకు, పాలకు పెట్టలేదు. ఒకసారి నాకు జ్వరమొస్తే నిజామాబాద్ దాకా కారు మాట్లాడింది. దారంతా నేను భయపడుతూ ఉన్నాను, ఎన్ని రోజులంటుందోనని. మాక్లూర్ దాటాక ఉండబట్టలేక నేనే అడిగాను. "గిది కొనుడు గాదు పిల్లా, బతుకుడు. పండుకో" అంది. ఇంటి ఖర్చుల గురించి ఇన్నేళ్లలో ఎందరో ఎన్నో చెప్పారు గానీ, ఏది కొనడం, ఏది బతకడం అని ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు నాకు.

శుక్రవారం అక్కడ సెలవు, ఫోన్ వచ్చే రోజు. అందరి ఇళ్లలో ఆ రోజు కొత్తగా కొన్నవి వీడియోలో చూపిస్తారు. మా అత్తమ్మ కొననివి చెప్పేది. "గీ వారం సోఫా కొనలే కొడుకా. చీరెలాయన వచ్చిండు, తీసుకోలే. నీ పెండ్లాం మొఖం మాడ్చుకుంది, నేను గా దిక్కు సుత చూడలే." ఆయన అటునుంచి నవ్వేవాడు. "ఎన్ని దినాలు మిగిలినయే అమ్మా?" అనేవాడు. ఇద్దరికీ అదో పండుగ. నేను పక్కన నిలబడి పళ్లు నూరుకునేదాన్ని.

పక్కింటి వాళ్లు రెండంతస్తుల స్లాబు వేసినప్పుడు మాత్రం మనమూ వేద్దామని నేను గట్టిగానే పట్టుబట్టాను. గృహప్రవేశానికి ఇద్దరం పోయాం. అత్తమ్మ గదులన్నీ తిరిగింది, గ్రానైట్ బండ మీద చెయ్యి వేసి నిమిరింది. "కట్టినాయన ఏడి?" అని అడిగింది. సెలవు దొరకలేదట. గోడకు ఆనించిన ఫోన్‌లోంచి పాపం ఆయన తన ఇల్లు తనే చూసుకుంటున్నాడు. అందరూ ఆయనకు చెయ్యి ఊపుతున్నారు. అత్తమ్మ కూడా ఊపింది. ఇంటికొచ్చాక చెప్పులు విప్పకముందే నన్ను నిలదీసింది. "నీకు స్లాబు గావాల్నా, మొగడు గావాల్నా? ఇప్పుడే చెప్పు, ఆడికి ఫోన్ జేస్త." ఆ క్షణాన నాకు నిజంగా స్లాబే కావాలనిపించింది. నోరు మూసుకున్నాను గనక సరిపోయింది.

ఇక దుప్పటి. మా ఆయన మొదటి సెలవుకు వచ్చినప్పుడు ఒక దుబాయ్ దుప్పటి తెచ్చాడు. దున్నపోతంత బరువు, మీద నోరు తెరిచిన పెద్దపులి బొమ్మ. మూలన అరబ్బీ అక్షరాల ధర స్టిక్కరు. "నాలుగు దినాలు" అని ధర కట్టి అత్తమ్మ దాన్ని, అద్దంలా లోపలంతా కనిపించే ప్లాస్టిక్ సంచి విప్పకుండానే అటక ఎక్కించింది. మా దిక్కు ఇట్లాంటి దుప్పట్లను ఎవరూ కప్పుకోరు, పెళ్లిళ్లకు పెడతారు. స్టిక్కరు మాత్రం పీకకూడదు. పీకితే నిజామాబాద్‌లో కొన్నారంటారు. మా దుప్పటిని కూడా అత్తమ్మ నందిపేట్‌లో ఒక పెళ్లికి పెట్టింది. సంచి మూల చిరిగి ఉంటే, ఎర్రదారంతో తానే కుట్టి మరీ పెట్టింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా బిడ్డ ఓణీల ఫంక్షన్ చేశాం. పెర్కిట్ నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకావిడ పెద్ద సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిండు. మీకోసమే దాసిన" అంది. అత్తమ్మ సంచి మూల చూసింది. ఎర్రదారం. నేను స్టిక్కరు చూశాను. నోరు తెరిచిన పులి మమ్మల్ని చూసింది. అందరి ముందు నవ్వలేక నేను వంటల దగ్గరికి పరుగెత్తాను. అత్తమ్మ మాత్రం ఆమెను కూర్చోబెట్టి, ఇంకో లడ్డూ వేయించి పంపింది. తర్వాత ఆరా తీస్తే, దుప్పటి నందిపేట్ నుంచి మాక్లూర్‌లో ఒక గృహప్రవేశానికి, అక్కడినుంచి పెర్కిట్‌లో ఒక పెళ్లికి పోయి మా ఇల్లు చేరిందని తేలింది. ఎవరూ విప్పలేదు. "చూసినవా, పోయింది సుత తిరిగొచ్చింది" అంది అత్తమ్మ. ఆ మాటన్నప్పుడు ఆమె మొఖంలో నవ్వు లేదు. దుప్పటిని దులిపి అటక మీద పెట్టింది. ఆ తర్వాత ఎవరి పెళ్లికీ దాన్ని దించలేదు.

చివరికి బోరు పైసలు జమయ్యాయి. చేన్లో నీళ్లు పడ్డాయి. పోయిన ఏడాది మా ఆయన పెర్కిట్ దగ్గర హైవే మీద బస్సు దిగాడు. మేమిద్దరం ఎదురుపోయాం. ఆయన కాళ్లు మొక్కబోతే అత్తమ్మ భుజం పట్టి ఆపింది.

"తిరుగు టికెట్ ఉన్నాదిరా?"

"లేదే అమ్మా."

"నిజం జెప్పు."

"జేబులు చూస్కో."

చూసింది. నిజంగానే అన్ని జేబులూ వెతికింది, నడిరోడ్డు మీద. ఆ తర్వాత పక్కనున్న మిఠాయి దుకాణంలోకి పోయి కిలో జిలేబీ కట్టమంది. ధర అడగలేదు. ఆమె ధర అడగకుండా ఏదైనా కొనడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అయితే ఆ మర్నాటినుంచి ఆమెకు కొత్త కష్టం వచ్చింది. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, ఇక ధరలు దేంతో కట్టాలి? కొన్నాళ్లు తికమకపడి చివరికి పసుపుతో కట్టడం మొదలుపెట్టింది. సోఫా అంటే ఇన్ని బస్తాలని. పసుపు ధర నిలకడగా ఉండదు కదా. మార్కెట్ పడిన రోజు సోఫా ఖరీదు పెరిగేది, లేచిన రోజు తగ్గేది. "ఇయ్యాల సోఫా జర సస్తగుంది" అని ఒక పొద్దున చాయ్ తాగుతూ అంది. నేను చీర మార్చుకుని వచ్చేలోపు మళ్లీ పెరిగింది.

ఈ చలికాలం ఆమెకు ఒళ్లు వణుకు పట్టుకుంది. రెండు బొంతలు కప్పినా ఆగలేదు. మా ఆయన అటకెక్కి ఎర్రదారం తెంపి, పులిని దించాడు. ఆమె మంచంలోంచే కేకలేసింది.

"ఇప్పకురా! నాలుగు దినాలు!"

"గా దినాలు ఎప్పుడో ఒడిసినయే అమ్మా. నేను ఇంట్లనె ఉన్న."

ఆమె కాసేపు కొడుకును చూసింది. "అయితె కప్పు" అంది. "స్టిక్కరు పీకకు" అంది.

మా వీధిలో చావులకు ఒక పద్ధతి ఏర్పడింది. కొడుకులు అక్కడ ఉంటారు కాబట్టి, పాడె పక్కన ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని నడుస్తారు. అటునుంచి కొడుకు ఏడుస్తాడు, ఇటునుంచి ఇంకెవరో కొరివి పెడతారు. ఇట్లాంటి సమయాల్లో ఫోన్ పట్టేది స్లాబింటి పక్కావిడే. చెయ్యి కదలకుండా పడుతుందని పేరు. అత్తమ్మ పోయిందని తెలియగానే అలవాటు కొద్దీ ఫోన్ నిండా ఛార్జింగ్ పెట్టుకుని వచ్చింది. "ఎవలకు కలపాలె?" అని నన్ను అడిగింది. నేను మంచం దిక్కు చూపించాను. మా ఆయన తల్లి పాదాల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆవిడ కాసేపు చూసి, ఫోన్ కొంగులో చుట్టుకుని, గోడవారకు కూర్చుని ఏడ్చింది. ఎవరికోసం ఏడ్చిందో నేను అడగలేదు. నాకు మాత్రం ఆ పూట తెలిసింది, అత్తమ్మ ఇన్నేళ్లు కొననివన్నీ కలిపి ఏం కొన్నదో.

కర్మలయ్యాక పెద్దలు పోయినామె బట్టలు, పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదన్నారు, ఎవరికైనా ఇచ్చేయమన్నారు. చీరలు ఇచ్చాం. బొంతలు ఇచ్చాం. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి మా ఆయన దాన్ని ఒడిలో పెట్టుకున్నాడు.

"గివి నా నాలుగు దినాలు. ఎవ్వలకియ్య" అన్నాడు.

పెద్దలు కోపం చేసుకున్నారు. కనీసం ఉతకండ్రి అన్నారు. ఆయన దుప్పటిని చేనుకు మోసుకుపోయి, బోరు పైపు కింద తొట్లో వేశాడు. నేను సబ్బు తీసుకుని వెంట పోయాను, ఆ రెండు రంగుల సబ్బే. నీళ్లు దుంకుతున్నాయి. పులి మునిగింది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఆయన కాళ్లతో దుప్పటిని తొక్కుతున్నాడు. ఒక చెయ్యి మాత్రం పైకెత్తి ఉంచాడు. ఆ చేతిలో దుప్పటి మూల, తడవకుండా, స్టిక్కరు.