లాప్‌టాప్ మీద కప్పిన తడి గోనె

ఇంట్లో ఎవరికీ చెప్పని మాట ఒకటి కొన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకైతే చెప్పగలననిపిస్తోంది.

మాది కోరుట్ల. బీడీలు చుడతాను. చదువు పెద్దగా లేదు గానీ, చూసింది, విన్నది మరిచిపోను. ఈ ఒక్కటి మరిచిపోయినా బాగుండేది.

మా కోడలు సిరిసిల్ల పిల్ల. బట్టలు నేసే సాంచాల చప్పుడులో పెరిగింది. కాలేజీ నాటి లాప్‌టాప్ ఒకటి తెచ్చుకుంది, ఇటుకంత బరువు. అందులో చీర అంచులకు బొమ్మలు గీసి సిరిసిల్లలో నేసేవాళ్లకు పంపేది. నెమలిని గీస్తే, ఆ నెమలి తెర మీద కదిలేలోపు నేనొక బీడీ కట్ట కట్టేసేదాన్ని. బొమ్మ పెద్దదైతే మొత్తమే ఆగిపోయేది, పెనంలా కాలేది.

జగిత్యాలలో రిపేరు చేసే ఆయనను ఫోన్‌లో అడిగితే, బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు ఈ రకంలో విడిగా వస్తుందని, ఇంకా మంచిది వేయవచ్చని చెప్పాడు. పాతదాని మీద ఖర్చు పెట్టాలా వద్దా అని కోడలు రోజుల తరబడి ఆలోచించింది.

"ముసలెద్దుకు కొత్త గజ్జెలెందుకే?" అన్నాడు మా కొడుకు.

"ఎద్దు నడుస్తనే ఉన్నది గదా! గజ్జెలు కాదు, నాడాలు ఏపిస్తున్న" అంది.

చివరికి వేయిద్దామనే అనుకున్నారు. కార్డు వేయించేముందు అంజన్నకు దండం పెట్టుకొస్తామని ఇద్దరూ కొండగట్టు వెళ్లారు. ఇంట్లో నేనూ, ఆ లాప్‌టాప్.

వెళ్లేదాకా కోడలు దాని మీద పని చేసింది, ఇంకా వెచ్చగానే ఉంది. వేడి తగ్గిపోతే ఈ కార్డు ఖర్చే ఉండదు కదా అనుకున్నాను. బీడీలు చుట్టే తునికాకును తడి గోనెలో చుట్టి పెడితే ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటుంది, పెళుసెక్కదు. నా చిన్నప్పటి నుంచి నా చేతులకు తెలిసిన పని అది. అదే గోనె తడిపి, పిండి, దానికి చుట్టాను. బాగా పిండాననే అనుకున్నాను. వాళ్లొచ్చేలోపు తీసి తుడిచి పెట్టాను. చేయి వేస్తే చల్లగా తగిలింది. ఎంత సంబరపడ్డానో!

సాయంత్రం కోడలు మీట నొక్కింది. ఒక్కసారి వెలిగి ఆరిపోయింది.

జగిత్యాలకు నేనూ వెంట వెళ్లాను. రిపేరాయన విప్పి చూశాడు.

"నీళ్లు పోయినయమ్మా లోపటికి. ఇగ కార్డు మార్చుడు కాదు, బోర్డే పోయింది."

కొడుకు కోడలి వైపు తిరిగాడు. "బోళ్లు తోముకుంట తోముకుంట అచ్చి దాన్నే ముడ్తవు. చేతులన్న తుడుసుకుంటవా?"

"ఏమో... నేనే ముట్టిన్నేమో. యాదికి లేదు." తర్వాత నన్ను చూసింది. "అత్తమ్మా, నువ్వు ఇంట్లనే ఉంటివి గదా. ఏమన్న చూసినవా?"

"లేదు బిడ్డా. నేను చూడలె."

ఎందుకన్నాను అలా? కొడుక్కి భయపడ్డానా? వాడేం చేస్తాడు, ఒక మాట అంటాడు. చదువుకున్న పిల్ల ముందు తెలివిలేని ముసలిదాన్ని కావడం ఇష్టం లేకపోయింది. అంతే. ఆ చిన్న సిగ్గును దాచుకోవడానికి ఆమె మీద నింద పడనిచ్చాను, ఆమె దాన్ని నిజమనుకుని తన నెత్తిన పెట్టుకుంటుంటే పక్కనే నిలబడి చూశాను.

కొన్నాళ్లకు చాట తీసుకుని నా పక్కన కూర్చుంది. "నాకు సుత నేర్పు, అత్తమ్మా." నేర్పాను. నెమళ్లు గీసిన వేళ్లు ఇప్పుడు నాకంటే వేగంగా బీడీకి దారం చుడతాయి. ఆ చురుకు చూసి ఊరంతా మెచ్చుకుంటుంది. నేనే తల వంచుకుంటాను.

మొన్న కొడుకే అన్నాడు, "సెకండ్‌హాండ్‌ల ఇంకోటి కొందాం, మల్ల గీసుకో" అని.

"వద్దు. నా చేతికి తడెక్కువ. అది సుత ఖరాబు చేస్త" అంది, నవ్వుతూనే.

నేను అప్పుడూ చెప్పలేదు. నోటి దాకా వచ్చింది. ఇన్నేళ్లు ఎందుకు దాచావని అడిగితే ఏం చెప్పాలి? తప్పు కంటే దాచిన కాలమే పెద్దదైపోయింది.

ఆమె చేతులు పొడిగానే ఉండేవి. తడి గోనె కప్పింది నేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. కానీ ఈ మాట ఒక్కసారైనా బయటకు వచ్చింది, ఊపిరి కొంచెం ఆడుతోంది.

లోపల ఫోన్ మోగుతోంది. తీసే ముందు కోడలు చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. పొడి చేతులే.