అత్తయ్య గొంతులో పొట్ట పొర

మా అత్తయ్య, అంటే మా నాన్నకు అక్క, కూరగాయల టోకు మార్కెట్‌లో వేలం వేసేది. సిమెంటు గట్టెక్కి ధర చెప్పిందంటే బేరగాళ్లు కబుర్లు ఆపేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. నాన్నతో సహా మా అందరినీ సాకింది ఆ గొంతే. ఈ మాట నాన్న చచ్చినా అనడు, అందుకే నేను అంటున్నాను.

నలభై దాటాక గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మొదలైంది. మింగితే దిగదు, కక్కితే రాదు. మంట, పొడిదగ్గు, మధ్యాహ్నానికి బొంగురు. వేలం వేసేవాళ్లకు ఒక అలవాటుంది: గొంతు పట్టేస్తే నిమ్మచెక్క బుగ్గన పెట్టుకుంటారు. అత్తయ్య ఒకటికి రెండు పెట్టుకుంది. మంట ఇంకా రేగింది.

పెద్దాసుపత్రిలో నోట్లోంచి కెమెరా గొట్టం వేశారు. అది గొంతు దాటి సరాసరి పొట్టలోకి పోయింది. పొట్ట శుభ్రంగా ఉందన్నారు. "మనసులో ఏదో బెంగ ఉందమ్మా," అన్నాడు డాక్టరు. నాన్నకు కావలసింది అదే. రోగం లేదు, అంతా నాటకమని ఇంటింటికీ చెప్పొచ్చాడు. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లమంటే "మళ్లీ మొదలెట్టావా" అనేవాడు. ఆమె ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మార్కెట్‌లో ఓ కట్టుబాటుంది. ఒకరి బదులు ఇంకొకరు ఏడాదిపాటు వేలం వేస్తే గట్టు ఆ రెండోవాళ్లదే. అత్తయ్య గొంతు పెగలక మానేస్తే, బదులుగా గట్టెక్కింది నాన్నే. "నీకు నయమయ్యేదాకే అక్కా," అన్నాడు.

ఏడాది దాటాక నేనే ఆమెను వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ గొట్టం బయటికి తీసేటప్పుడు తొందరపడలేదు. గొంతుకు కాస్త కింద, అన్నవాహిక మొదట్లో, బొటనవేలి గోరంత ఎర్రమచ్చ కనిపించింది.

"ఇది పొట్టలో ఉండాల్సిన పొరమ్మా. పుట్టుకతోనే ఇక్కడ ఉండిపోయింది. చాలామందికి ఏ బాధా ఉండదు. మీకు ఇక్కడే ఆమ్లం ఊరుతోంది. దానికి తోడు నిమ్మకాయ కూడానా?"

అత్తయ్య ఏడ్చింది. రోగం ఉందని తెలిసి సంతోషంతో ఏడ్చిన మనిషిని అప్పుడే చూశాను.

మాత్రలు పనిచేశాయి. కొన్ని నెలలకు గొంతు తేరుకుంది. ఓ పొద్దున నన్ను వెంటబెట్టుకుని మార్కెట్‌కెళ్లింది.

"దిగరా తమ్ముడూ. నాకు నయమైంది."

"ఈ వయసులో నీకెందుకక్కా ఈ అరుపులు? హాయిగా ఇంట్లో కూర్చో. అయినా ఏడాది దాటిపోయిందిగా."

"నువ్వు నాటకమని చాటకపోతే అప్పుడే నయమయ్యేది. నా గట్టు నాకివ్వు."

అది పాత గొంతే. మార్కెట్ అంతా విన్నది. ఏళ్ల తరబడి ఆమె దగ్గర సరుకు కొన్న బేరగాళ్లు తలలు వంచి వంకాయలు తిప్పి చూసుకున్నారు. నాన్న తర్వాతి బుట్ట పైకెత్తి ధర చెప్పాడు. వాళ్లు పాట పెంచారు.