మధుపర్కం మీద ఎర్రచుక్క

మా తాత వెంకటరాజం చిగుళ్ళ సంగతి లేకుండా మా అమ్మ పెళ్ళి ముచ్చట ఎవరూ చెప్పరు. అమ్మ పేరు సావిత్రి, తాతకు ఒక్కగానొక్క బిడ్డ. పందొమ్మిదివందల నలభయ్యారులో వరంగల్‌లో జరిగింది ఆ పెళ్ళి. బిడ్డ కట్టే తెల్లటి మధుపర్కం తన మగ్గం మీదే నేస్తానని తాత వాడంతా చాటాడు. చాటుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చుట్టిన కండె మార్చినప్పుడల్లా, నాడె కంతకు నోరు పెట్టి దారం కొసను బయటికి పీల్చాలి. తాత పీల్చాడు. దారంతో పాటు చిగుళ్ళ నెత్తురూ వచ్చింది. పెళ్ళిబట్ట మీద ఎర్రచుక్క! తాత నేసినంత మేర కోసి పారేశాడు. పెళ్ళికి నెల రోజులే ఉంది.

నోటికి బదులు సూదితో లాగితే సన్నదారం పుటుక్కున తెగింది. "జర జరుగు, నేను పీలుస్త" అంటూ మా అమ్మమ్మ భాగ్యమ్మ కూర్చుంది. ఆమె నోట్లో పొద్దున్నుంచీ తాంబూలమే. ఈసారి చుక్క కాదు, ఎర్రటి మరకే పడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారట. నవ్వీ నవ్వీ తాత ఏడ్చాడు కూడా.

మర్నాడు దవాఖానకు పోయారు.

"పీకద్దు సారూ! పండ్లు లేకుంట బిడ్డ పెండ్లిల ఎట్ల నవ్వాలె?"

"పీకను. చిగుళ్ళ కింద గార గడ్డకట్టింది. అది గీకి తీస్తే నెత్తురు ఆగుతుంది" అన్నాడు డాక్టరు.

కొక్కెం లాంటి పనిముట్టుతో ఒక పక్కనున్న ప్రతి పన్నునూ చిగుళ్ళ లోపలిదాకా గీకుతుంటే, తాత కాళ్ళు మగ్గం తొక్కుతున్నట్టే ఆడాయి. గార పెచ్చులు గిన్నెలో టకటకా పడ్డాయి. అమ్మమ్మ లెక్కపెట్టి కెవ్వుమంది.

"అయ్యో, పదిహేడు పండ్లు రాలినయి!"

డాక్టరు నవ్వాపుకుంటూ తాత చేతికి అద్దమిచ్చాడు. పళ్ళన్నీ ఉన్నాయి, వాటి మధ్య కొత్తగా సందులూ ఉన్నాయి. "ఇది నోరా, దర్వాజల ఇల్లా?" అన్నాడు తాత. మాట మాటకూ ఈల వస్తోంది. అమ్మమ్మకు మళ్ళీ నవ్వు.

ఆ పెచ్చుల్ని పొట్లం కట్టించుకుని తాత వాడలో ఇంటింటికీ చూపించాడు.

వారం తర్వాత రెండో పక్క గీకించుకున్నాడు. పూటపూటా ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. పెళ్ళి ఇంకో పదిరోజులుందనగా మళ్ళీ మగ్గమెక్కి, కొత్త కండె పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని పీల్చాడు. తెరవడానికి ధైర్యం చాల్లేదు.

"నువ్వే చూడు."

"తెల్లగుంది" అన్నది అమ్మమ్మ.

తాత ఎగిరి గంతేస్తే తల దూలానికి కొట్టుకుంది. ఆ పదిరోజుల్లో మధుపర్కం నేసి, బొప్పి తగ్గకముందే పెళ్ళి చేశాడు.

అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే తాత ఒక్కడే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"బిడ్డ పోతాంటే నవ్వుడేందయ్యా?" అని అమ్మమ్మ కసిరింది.

తాత మా అమ్మ కట్టిన మధుపర్కం కొంగు పట్టుకుని అంచు దాకా చూపించాడు. "ఒక్క చుక్క లేదే. చూడు..."

మాట పూర్తికాలేదు. కన్నీళ్ళు టపటపా కొంగు మీదే పడ్డాయి. ఆయన గాబరాపడి తుడవబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీయ్ నాయినా" అన్నది.