"పోతుంది" బాబాయి, ఎర్రకారు

మా బాబాయికి ఏ వస్తువు చూపించినా ఒకటే మాట: "పోతుంది."

కొత్త ఫ్రిజ్ కొన్నామని సంబరంగా పిలిస్తే, దాని వెనక్కి వెళ్లి చెవి పెట్టి విని, "కంప్రెసరు పోతుంది" అన్నాడు. నేను పుట్టినప్పుడు ఉయ్యాల్లోకి తొంగిచూసి "జుట్టు పోతుంది" అన్నాడట. మా అమ్మ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు నాకు నలభై దాటాయి. అద్దం ముందు నిలబడినప్పుడల్లా ఆ ముందుచూపుకి ఒక దణ్ణం పెట్టుకుంటాను.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆ ఉద్యోగానికి ఆ నోరు! జనం కిక్కిరిసి ఎక్కాక, పైకి చూసి "తాడు పోతుంది" అని గొణిగేవాడు. తలుపు మూసుకునేలోపు లిఫ్టు ఖాళీ. తొమ్మిదో అంతస్తు వాళ్లు కూడా రొప్పుకుంటూ మెట్లెక్కేవారు. అయినా ఆయన్ని పనిలోంచి తీసెయ్యలేదు. ఆయన చేతికింద లిఫ్టు ఒక్కటీ ఆగలేదు మరి.

"తథాస్తు దేవతలుంటారండీ, ఏం మాటలవి!" అని పిన్ని తల పట్టుకునేది.

"వాళ్లు మాత్రం ఎన్నాళ్లుంటారు? పోతారు," అనేవాడు.

అలాంటి మనిషి రిటైరయ్యాక కారు కొన్నాడు. అదీ రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు. నేలకి జానెడెత్తు. ఒకప్పుడు ఎర్రగా ఉండేది, ఇప్పుడు గజ్జి పట్టినట్టు పెచ్చులూడుతోంది. లోపల ఇంకా ఘోరం. సీట్ల తోలు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. పైకప్పు గుడ్డ ఊడి నెత్తిమీద పడుతోంది. కింద పరిచిన తివాచీ చెమ్మకి కుళ్లి కంపు కొడుతోంది.

"ఇది పోతుంది కాదు, ఎప్పుడో పోయింది!" అంది పిన్ని. "ఆ మోకాళ్లతో అందులో దిగితే మళ్లీ మిమ్మల్ని ఎవరు లేపుతారు?"

కారు పళ్లడాక్టరుది. ఆయన బాబాయికి చిన్ననాటి స్నేహితుడు. పగలంతా ఊళ్లోవాళ్ల పళ్లు పీకి, సాయంత్రం ఆ కారెక్కి గాలికి తిరిగొచ్చేవాడు. కొన్నేళ్లుగా కంటి నరాలు ఎండిపోతూ వచ్చాయి. మందు లేదన్నారు. ఓ రోజు తన గేటునే కారుతో గుద్దేశాడు. కారు ఎండకీ వానకీ వదిలేశాడు, ఆస్పత్రి మూసేశాడు. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. గదిలో తలుపేసుకుని గోడకేసి తిరిగి పడుకుంటాడు. పెట్టిన కంచం పెట్టినట్టే వెనక్కొస్తోందని, ఇలాగైతే నాన్న దక్కడని కూతురు మా బాబాయి దగ్గర వలవలా ఏడ్చింది.

ఆ మర్నాడే బాబాయి ఆ అమ్మాయి దగ్గరే ఆ కారు కొన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అవతల ప్రాణస్నేహితుడు బతుకుతాడో లేదో తెలీదు, ఈయనకి ఈ వయసులో షోకులా?

పిన్ని కుట్టుమిషను కారు పెట్టిన షెడ్డులోకి చేరింది. "సూది పోతుంది," అన్నాడు బాబాయి. టప్పున విరిగింది. చొక్కా జేబులోంచి ఇంకోటి తీశాడు. "దారం పోతుంది," అన్నాడు. తెగింది. జేబులోంచి ఇంకో ఉండ వచ్చింది. ఆ జేబు ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది.

పాత తోలు విప్పి, దాన్ని కొత్త తోలు మీద పరిచి కత్తిరించి, పాత కుట్టు ఎక్కడుందో సరిగ్గా అక్కడే కుట్టేవాడు. కుట్టాక కళ్లు మూసుకుని వేళ్లతో తడిమేవాడు. ఎక్కడైనా ఎగుడుదిగుడుగా తగిలిందా, మొత్తం విప్పేసేవాడు.

"కళ్లు మూసుకుని మిషను దగ్గర కూర్చుంటున్నారురా, వేళ్లు పోతాయి!" అంది పిన్ని. ఆ జబ్బు ఆవిడకీ అంటుకుంది.

చూడలేక నేనే గేరు రాడ్డు చివర బిగించే మెరిసే కొత్త గుండు ఒకటి కొనుక్కొచ్చాను. ముట్టుకోనైనా లేదు.

"పాతదే ఉండాలి. దానిమీద ఆ పగులూ ఉండాలి."

"పోనీ బయట రంగైనా వేయిద్దాం బాబాయ్. చూసేవాళ్లు నవ్వుతారు."

"చూసేవాళ్ల కోసం కాదురా ఇది," అన్నాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "పళ్లడాక్టరింటికి పోనీ," అన్నాడు. అప్పటికి గాని నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

ఇంజనూ తనే బాగుచేశాడు, అయినా దారిపొడుగునా "ఇంజను పోతుంది" అంటూనే ఉన్నాడు. ఉండబట్టలేక అడిగేశాను.

"అందరికీ అన్నీ ముందే చెప్తావు కదా. ఆయన కళ్ల సంగతి నీకు తట్టలేదా?"

"అందరికన్నా ముందు నాకే తెలిసింది. పేకాటలో ఆఠీను ముక్కని ఇస్పేటు అనుకుని దించాడు."

"మరి ఒక్కసారీ అనలేదే?"

బాబాయి జేబు తడుముకున్నాడు. "మీ ఫ్రిజ్ ఆగిన పొద్దున కంప్రెసరు మోసుకొచ్చింది ఎవడురా? దానికి బదులు ఇంకోటి దగ్గర పెట్టుకునే పోతుందంటాను. ఊరికే అంటానా? కళ్లకి బదులు నేనెక్కణ్నుంచి తెచ్చేది!" జేబులో చెయ్యి పెట్టి, ఖాళీ చేత్తోనే బయటికి తీశాడు.

ఆయన్ని అలా చూడలేక, "మరి నా జుట్టుకి?" అన్నాను.

"టోపీ కొనిచ్చాగా. నువ్వే పెట్టుకోవు."

డాక్టరింట్లో బాబాయి గది తలుపు తోసి, "లే," అన్నాడు.

"నేను రానురా. ఇంకేముంది నాకు చూడ్డానికి?"

"చూడమని ఎవడు పిలిచాడు? కూర్చోమంటున్నా!"

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, గేటు లోపల ఆపిన కార్లో స్టీరింగు ముందు దింపాడు. పక్క సీట్లో తనూ కూలబడ్డాడు. డాక్టరు చేతులు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. చాలాసేపటికి ఒక వేలు సీటు కుట్టు మీద కదిలింది. స్టీరింగు చుట్టూ తిరిగింది. గేరు గుండు మీది పగులు దగ్గర ఆగిపోయింది.

"ఒరే... ఇది నా కారురా!"

"నీది కాక మీ తాతదా?"

"బయట రంగేశావా?"

"లేదు. దరిద్రంగా ఉంది. అయినా నీకెందుకు?"

డాక్టరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి, మళ్లీ లోపలికి పరిగెత్తి, కంచం కారు దగ్గరికే పట్టుకొచ్చింది. ఆయన ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తియ్యకుండా అంతా తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

అసలు కష్టం తర్వాత మొదలైంది. ఇద్దరిలో ఒక్కరూ పైకి లేవలేకపోయారు. డాక్టర్ని నేనూ, కూతురూ చెరో రెక్కా పట్టుకుని లాగాం.

"ఒరేయ్, నడుము పోతుందిరోయ్!" అని అరిచాడు డాక్టరు.

బాబాయి సీట్లో ఇరుక్కునే జేబులో చెయ్యి పెట్టి, నొప్పుల మందు ట్యూబు తీశాడు.

"తెచ్చాలే. పెద్దదే తెచ్చా, రేపటిక్కూడా వస్తుంది."