నూనె నుదుటికి ఎర్రదీపం

భిలాయి ప్రజలకు విచారంతో తెలియజేయడమేమంటే, సుపేలాలోని ఒక కోచింగ్ సెంటరులో పిల్లల తలలకు కట్టే పట్టీల చార్జర్ కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా అక్కడి పిల్లలు సొంత బుర్రలతోనే చదువుకోవాలి. వారి కుటుంబాలకు నా ప్రగాఢ సానుభూతి.

అదే వారం మా ఉక్కు ఫ్యాక్టరీ సెక్టారులో లెక్కల టీచరమ్మ పోయారు. దానికెవరూ సంతాపం బోర్డు పెట్టలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఎనిమిదిలో బడి మానేసి కూలర్లు బాగుచేసుకునేవాడు తన గురించి రాయడం ఆవిడకు నచ్చదు. "నీ రాతలో ఒత్తులుండవురా, ఊపే ఉంటాది" అనేవారు.

రిటైరయ్యాక ఆవిడ వరండాలో చాప వేసి ట్యూషన్ చెప్పారు. అర్థమైందా అని ఎవరినీ అడగలేదు. పిల్లల కాళ్ళకేసి చూసేవారు. "బొటనవేలు ఆగిందంటే బుర్ర బయల్దేరినట్టు" అనేవారు. వేలు ఆగిందంటే ఇక ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. "కుక్కర్ కట్టెయ్యండే, పిల్ల ఆలోచిస్తంది" అని లోపలికి కేకేసేవారు.

కోచింగ్ సెంటరులో బూట్లు తప్పనిసరి, వేళ్ళు కనపడవు. అందుకని నుదుటికి పట్టీ కడతారు. అది మెదడులో కరెంటును పసిగడుతుందట. ధ్యాస ఉంటే తెరమీద పిల్ల పేరు పక్కన పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. సంతలో గొర్రెలకు రంగు పూసినట్టే, కాకపోతే గొర్రెలు ఫీజు కట్టవు. పక్కింటివాళ్ళు చేర్చారని మా అమ్మాయిని నేనూ అక్కడే చేర్చాను.

దానికి రోజూ ఎర్రదీపమే. సోమవారం నుంచి వెనకగది బ్యాచికి మారుస్తామన్నారు. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళకు సగం పాఠాలే చెబుతారని ఊరందరికీ తెలుసు. పిల్ల అన్నం మానేసింది. టీచరమ్మ విని చెప్పులేసుకున్నారు.

సెంటరులో సార్ ఇక్కడే పుట్టిన కుర్రాడు, మెడలో ట్యాగు, మాటలో సగం హిందీ. "ఆంటీజీ, మెషీన్ ఝూట్ నహీ బోల్తా. పాపకి ఫోకస్ లేదు."

"మెషీను అబద్ధమాడదు, సరే. నువ్వో?" అన్నారు టీచరమ్మ.

వరసలో కూర్చున్న పిల్లలను ఆ చివర నుంచి ఈ చివరకు చూశారు. ఎర్రదీపాలవాళ్ళు చాలావరకు ఫ్యాక్టరీ పనికి వలసొచ్చిన మన తెలుగిళ్ళ పిల్లలే. తల్లులు పొద్దున్నే నూనె పెట్టి, బిగించి జడలేసి పంపిన తలలు. నూనె కారి నుదుళ్ళు దోసె పెనాల్లా మెరుస్తున్నాయి. ఆవిడ కొంగు నీళ్ళలో ముంచి, మా అమ్మాయి నుదురు రుద్ది, పట్టీ మళ్ళీ కట్టించారు. పచ్చదీపం వెలిగింది.

"ఇది బుర్రను కొలవడం లేదు బాబూ, నూనెను కొలుస్తంది."

సార్ సిగ్గుపడలేదు, సంబరపడ్డాడు. "దేఖియే, ఫోకస్ ఆ గయా, వచ్చేసింది. రేపట్నుంచి నూనె బంద్ చెయ్యండి, బస్."

టీచరమ్మ పిల్లవైపు తిరిగారు. "ఇప్పుడేటి ఆలోచిస్తన్నావే?"

"ఇంటికెప్పుడెల్తామా అని మామ్మా."

దీపం పచ్చగానే ఉంది.

ఆ రోజునుంచి మా అమ్మాయి వరండాలో చదివింది. ఇప్పుడు పరీక్ష దగ్గరికొచ్చింది, వరండాకు తాళం వేసి ఉంది. పట్టీ కట్టే చోటికి మాత్రం వెళ్ళనంటోంది. నేను పంపను కూడా. ఇకముందు ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఇక అబద్ధాల సంగతి. చార్జర్ కాలిపోలేదు, అలాంటివాళ్ళ చార్జర్లు కాలవు. ఆ సెంటరు దివ్యంగా నడుస్తోంది. నూనె సంగతి, కొంగు సంగతి నిజం. ఇంటికెప్పుడెళ్తామా అన్న జవాబు నేను కల్పించింది. మా అమ్మాయి ఆ రోజు ఏమీ అనలేదు, తెరమీద పచ్చదీపం వెలుగుతుండగానే కూర్చుని ఏడ్చింది. టీచరమ్మ కూడా చమత్కరించలేదు. పట్టీ విప్పి బల్లమీద పెట్టి, పిల్ల చేయి పట్టుకుని బయటికి నడిచారు. మెయిన్ రోడ్డు మీద సాయంత్రం రద్దీ. ఆవిడ రెండో చేయి ఎత్తి, ఎటూ చూడకుండా నేరుగా దాటారు. ఆటోలు, బస్సు, అన్నీ ఆగాయి. ఇది కల్పించలేదు.